కొత్త పద్ధతి మంచిదే, మన బృందానికి నప్పుతుందా?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



భోజనాలు పన్నెండున్నరకని కార్యదర్శిగారు ఇంతకుముందే ప్రకటించారు. కనుక నేను ఎంతసేపు మాట్లాడాలో నాకూ తెలుసు, మీకూ తెలుసు. కరువు భత్యం గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడితే మీరు చెవులు రిక్కించి వింటారు. నాకిచ్చిన విషయం మాత్రం కంప్యూటరు ప్రోగ్రాములు తయారుచేసే పద్ధతి. "మనకెందుకండీ ఇది?" అని వెనక వరుసలో ఒకరు అననే అన్నారు. మనకెందుకో ముందు అదే మనవి చేస్తాను.

మన సంఘం సభ్యుల వివరాలన్నీ ఇప్పటికీ అయిదు బైండు పుస్తకాల్లో ఉన్నాయి. పేరు, పెన్షన్ ఆర్డరు నంబరు, బ్యాంకు, చిరునామా, నామినీ, మరణ సహాయ నిధికి కట్టిన చందా, అన్నీ చేతిరాతే. వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలని కార్యవర్గం నిర్ణయించింది. రెండు ప్రతిపాదనలు వచ్చాయి. మొదటివారు, "మీకు కావలసినవన్నీ కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. ఎనిమిది నెలల్లో మొత్తం తయారుచేసి అప్పగిస్తాము. ధర ఇంత" అన్నారు. రెండోవారు కుర్రవాళ్లు. "అంతా ముందే రాయనక్కరలేదు. రెండు వారాలకొకసారి తయారైనంతవరకు చూపిస్తాము. మీరు చూసి చెప్పండి, మారుస్తాము. నెలకు ఇంత ఇవ్వండి" అన్నారు. ఈ రెండో పద్ధతినే అజైల్ అంటారు. అంటే చురుకైన పద్ధతి అని అర్థం.

కార్యవర్గంలో సగంమంది ఒకవైపు, సగంమంది ఇంకోవైపు. "నువ్వు కంప్యూటర్ సెక్షన్లో పనిచేశావు కదా, చెప్పు" అని నన్ను పట్టుకున్నారు. ఖర్చయ్యేది మీ చందా డబ్బు. తప్పు జరిగితే ఆగిపోయేది మరణ సహాయ నిధి. కనుక ఇది మన విషయమే.

నిలబడి మాట్లాడే మీటింగు

ఈ మాట నేను మొదట విన్నది మా ఇంట్లోనే. మా కోడలు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడరు. ఇంటినుంచి పనిచేసే రోజుల్లో, రోజూ పది గంటలకు ల్యాప్‌టాప్ ముందు లేచి నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడి కూర్చునేది. ఒకరోజు ఉండబట్టలేక, "అమ్మా, కుర్చీ ఏమైనా విరిగిందా?" అని అడిగాను. నవ్వి, "లేదు మామయ్యగారూ, ఇది స్టాండప్ మీటింగు. పావుగంటలో అయిపోవాలని నిలబడి మాట్లాడుకుంటాం. కూర్చుంటే గంట పడుతుంది" అంది. మన సంఘం మీటింగులు కూడా నిలబడి పెట్టుకుంటే ఎంత బాగుండునో అనిపించింది గానీ, మన మోకాళ్లు ఒప్పుకోవు.

ఆ పావుగంటలో ఏం మాట్లాడతారు? నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను. అంతే. రెండు వారాలకొక గడువు పెట్టుకుంటారు. దాన్ని స్ప్రింట్ అంటారు, అంటే చిన్న పరుగు. గడువు చివర తయారైనదాన్ని పని ఇచ్చినవారికి చూపించి, వారు చెప్పిన మార్పులు రాసుకుంటారు. తర్వాత తమలో తాము కూర్చుని, ఈ రెండు వారాల్లో మనం చేసిన పొరపాటేమిటి అని మాట్లాడుకుంటారు. మళ్లీ ఇంకో రెండు వారాలు.

వంటతో పోల్చి చెబితే సులువుగా తెలుస్తుంది. పెళ్లికి వంట చేయించాలంటే వంటమేస్త్రిని ముందే పిలిచి, ఎంతమంది, ఏమేం వంటకాలు అని చెప్పి సరుకుల జాబితా రాయిస్తాం. ఇంట్లో వంట అలా కాదు. గరిటెతో తీసి రుచి చూసి, ఉప్పు చాలకపోతే వేస్తారు, చారు పలచనైతే ఇంకాస్త మరిగిస్తారు. రెండూ వంటలే. పెళ్లిలో అయిదు వందల మందికి వడ్డించే ముందు "మీకు పులుపు సరిపోయిందా" అని ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చోలేం. ఇంట్లో నలుగురి వంటకు వంటమేస్త్రి జాబితా అక్కరలేదు. ఎక్కడ ఏది అన్నదే ప్రశ్న.

ఇది ఎక్కడినుంచి వచ్చింది?

పెద్దగా చరిత్ర చెప్పను. 1970లో విన్‌స్టన్ రాయ్స్ అనే అమెరికన్ ఇంజనీరు, పెద్ద సాఫ్ట్‌వేర్ పనులు ఎలా నడపాలో ఒక వ్యాసం రాశారు. అందులో ముందు అవసరాలు రాసుకోవడం, తర్వాత డిజైను, తర్వాత ప్రోగ్రాము రాయడం, తర్వాత పరీక్ష అని మెట్లు మెట్లుగా ఒక బొమ్మ గీశారు. తర్వాత్తర్వాత దానికి జలపాతం పద్ధతి అని పేరొచ్చింది. తమాషా ఏమంటే, ఉన్నదున్నట్టు ఇలా చేస్తే ప్రమాదమని ఆయనే ఆ వ్యాసంలో హెచ్చరించారు. ముందు ఒక చిన్న నమూనా చేసి చూసుకోమని కూడా చెప్పారు. లోకం బొమ్మను పట్టుకుంది, హెచ్చరికను వదిలేసింది. మన ఆఫీసుల్లో జీవోలో మొదటి పేరా చదివి, కింది షరతులు చదవనట్టు.

1986లో తకేయుచి, నొనకా అనే ఇద్దరు జపాన్ ఆచార్యులు, కొత్త వస్తువులు త్వరగా తయారుచేసే కంపెనీల గురించి రాస్తూ రగ్బీ ఆటతో పోల్చారు. బంతిని ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ జట్టంతా కలిసి ముందుకు పోతుందన్నమాట. ఆ ఆటలోని స్క్రమ్ అనే మాటనే తీసుకుని, జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ అనే ఇద్దరు 1995లో ఒక పద్ధతిని ప్రకటించారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు కొండల విడిదిలో, ఇలాంటి ఆలోచనలే ఉన్న 17 మంది కలుసుకుని ఒక చిన్న ప్రకటన రాశారు. అజైల్ అన్న పేరు అక్కడే స్థిరపడింది.

ఆ ప్రకటన సారం నాలుగు మాటలు. పద్ధతులకంటే మనుషులు కలిసి మాట్లాడుకోవడం ఎక్కువ. కట్టలకొద్దీ కాగితాలకంటే పనిచేసే ప్రోగ్రాము ఎక్కువ. ఒప్పందం మీద వాదులాటకంటే పని ఇచ్చినవారితో కలిసి పనిచేయడం ఎక్కువ. ప్రణాళికను పట్టుకు వేలాడటంకంటే మార్పుకు తగ్గట్టు నడుచుకోవడం ఎక్కువ. ఎక్కువ అన్నారే గాని రెండోది అక్కరలేదనలేదు. కాగితాలకూ, ప్రణాళికకూ విలువ ఉందని అందులోనే ఒప్పుకున్నారు. ఈ సంగతి మరిచిపోయినవాళ్లే ఎక్కువ.

నేను సంతకం పెట్టిన మూడు వందల పేజీలు

ఇప్పుడు నా సొంత అనుభవాలు రెండు చెబుతాను. రెండింటిలోనూ తప్పు నాది కూడా ఉంది.

1990లో నేను పనిచేసే ఆఫీసులో పెన్షన్ లెక్కలకు ప్రోగ్రాము రాయించాలని నిర్ణయించారు. ఏమేం కావాలో రాసే పని నాకూ, ఇంకో ఇద్దరికీ అప్పగించారు. ఆరు నెలలు కూర్చుని రాశాం. మూడు వందల పేజీలు దాటింది. ప్రతి పేజీ మీద పొట్టి సంతకం, చివర పూర్తి సంతకం, ముద్ర. పెళ్లి చేసినంత తృప్తి కలిగింది. ఆ తర్వాత రెండేళ్లపాటు మాకు ఒక్క స్క్రీను కూడా ఎవరూ చూపించలేదు. మేమూ అడగలేదు. సంతకం అయింది కదా!

ప్రోగ్రాము వచ్చింది. మొదటి వారంలోనే తెలిసింది. కుటుంబ పెన్షన్ పేజీలో భార్య పుట్టిన తేదీ నింపకపోతే అది ముందుకు కదలదు. ఎందుకంటే ఆ గడి తప్పనిసరి అని మేమే రాశాం. మా పాత ఉద్యోగుల్లో, ముఖ్యంగా నాలుగో తరగతివారిలో, ఎంతమంది ఇల్లాళ్లకు పుట్టిన తేదీ రాసి ఉంటుంది? మా అటెండరు ఒకరు ఆ సంవత్సరమే చనిపోయారు. ఆయన భార్య ప్రతి సోమవారం వచ్చి నా టేబులు దగ్గర నిలబడేది. ఒకరోజు ఆమె అడిగింది: "అయ్యా, నేను పుట్టిన రోజు తెలిస్తేనే మా ఆయన చనిపోయినట్టా?"

నా దగ్గర జవాబు లేదు. మార్పు చేయమంటే, ఒప్పందంలో లేదు, అదనపు ఖర్చు అన్నారు. ఆ ఫైలు పైకి వెళ్లి, ప్రశ్నలతో కిందికి వచ్చి, మళ్లీ పైకి వెళ్లింది. ఈలోగా వేతన సవరణ వచ్చి లెక్కల సూత్రాలే మారిపోయాయి. ఆ తల్లికి పెన్షన్ మొదలయ్యేసరికి ఏడు నెలలు పట్టింది.

ఆలోచించండి. ఆ స్క్రీను మొదటి నెలలో ఎవరైనా తెచ్చి మా సెక్షన్లో పెట్టి ఉంటే, ఏ గుమస్తా అయినా అయిదు నిమిషాల్లో "ఇది మనకు కుదరదండీ" అనేవాడు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. మేము రెండేళ్లు మూత తీయలేదు. అజైల్ పద్ధతి గొప్పతనం అంతా ఆ మూత మాటిమాటికీ తీసి చూడటంలోనే ఉంది.

నేను వెళ్లని ఒక్క మీటింగు

అయితే కొత్త పద్ధతే మంచిదా? తొందరపడకండి. రెండో అనుభవం వినండి.

2006లో నేను రిటైరయ్యాను. తర్వాత కొన్నాళ్లు ఒక ప్రైవేటు కంపెనీకి పెన్షన్ నిబంధనలు చెప్పే సలహాదారుగా వెళ్లాను. వారు ఒక సంస్థకు పెన్షన్ ప్రోగ్రాము రాస్తున్నారు. అక్కడ అంతా అజైల్. పిల్లలు చురుకైనవాళ్లు. గోడమీద రంగురంగుల చీటీలు, పొద్దున్నే స్టాండప్, రెండు వారాలకొకసారి ప్రదర్శన. నాకు ముచ్చటేసింది. చాలా పని నిజంగా బాగా సాగింది.

ఒక స్ప్రింట్‌లో కమ్యుటేషన్ పునరుద్ధరణ లెక్క పెట్టుకున్నారు. మీకందరికీ తెలిసిందే. పెన్షన్లో కొంత భాగం కమ్యూట్ చేసుకుంటే, పదిహేనేళ్ల తర్వాత ఆ భాగం మళ్లీ కలుస్తుంది. ఆ పదిహేనేళ్లు కమ్యుటేషన్ జరిగిన తేదీనుంచి లెక్కించాలి. ఆ పిల్లలు రిటైరైన తేదీనుంచి లెక్కించారు. చాలామందికి రెండు తేదీలూ దగ్గరదగ్గరే కనుక తేడా కనబడదు. ఆలస్యంగా కమ్యూట్ చేసుకున్నవారికి మాత్రం ముందుగానే ఎక్కువ పెన్షన్ పోతుంది. ప్రదర్శనలో పది కేసులు చూపించారట. పదీ సరిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేను లేను. మా తమ్ముడి కూతురు పెళ్లికి వెళ్లాను. నా బదులు చూసేవారు ఎవరూ లేరు. ఎనిమిది నెలల తర్వాత ఆడిట్‌లో బయటపడింది. అప్పటికి చాలామందికి ఎక్కువ డబ్బు పోయింది. ఇక రికవరీ నోటీసులు. డెబ్బై అయిదేళ్ల మనిషికి "మీరు ఇంత తిరిగి కట్టాలి" అని కాగితం వస్తే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

మొదటిసారి తప్పు, మధ్యలో చూడకపోవడం. రెండోసారి తప్పు, చూశామనుకోవడం. పది కేసులు తామే ఎంచుకుని చూపిస్తే, చూపించినవే మనకు కనబడతాయి. నిబంధన కాగితం మీద స్పష్టంగా ఉన్నచోట, రాసుకుని, కష్టమైన పాత కేసులన్నీ ముందే ఏరి పెట్టుకుని సరిచూసుకోవాలి. "తర్వాతి రెండు వారాల్లో దిద్దుకుందాం" అన్న మాట అక్కడ పనికిరాదు. శ్లాబు పోశాక మెట్లు ఎటువైపు అని అడగకూడదు.

పెద్ద పెద్దవాళ్ల అనుభవాలు

ఇది మన ఒక్కరి గొడవ కాదు. అమెరికాలో క్రైస్లర్ అనే కార్ల కంపెనీ జీతాల ప్రోగ్రామే దీనికి ఉదాహరణ. జీతాలంటే మన విషయమే కదా. 1996లో కెంట్ బెక్ అనే ఆయన వచ్చి, అప్పటికి గాడి తప్పిన ఆ పనిని కొత్త పద్ధతిలో నడిపించారు. 1997లో సుమారు 10 వేలమంది ఉద్యోగులకు జీతాలు ఆ ప్రోగ్రాముతో ఇచ్చారు. ఆ అనుభవంతోనే ఆయన 1999లో ఒక ప్రసిద్ధ పుస్తకం రాశారు. కానీ మిగిలిన ఉద్యోగులందరికీ విస్తరించాలన్న ఆశ నెరవేరలేదు. 2000లో ఆ పని ఆపేశారు. ఆఫీసు తరఫున బృందంతో కూర్చుని అన్నీ చెప్పే మనిషి ఒత్తిడి తట్టుకోలేక తప్పుకోవడం, ఆ స్థానం సరిగా భర్తీ కాకపోవడం కూడా ఒక కారణమంటారు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

అమెరికా పోలీసు నిఘా సంస్థ ఎఫ్‌బీఐ, కేసుల ఫైళ్లకోసం ఒక ప్రోగ్రాము రాయించి, సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేసింది. 2006లో సెంటినెల్ పేరుతో మళ్లీ మొదలుపెట్టింది. అదీ నత్తనడక నడిస్తే, 2010లో పనిని తన చేతుల్లోకి తీసుకుని, చిన్న బృందంతో అజైల్ పద్ధతిలో చేయించి 2012 జులైలో వాడకంలోకి తెచ్చింది. ఇది గెలిచిన కథ.

ఓడిన కథ బ్రిటన్‌లో ఉంది. పేదలకిచ్చే అనేక సహాయాలను కలిపి యూనివర్సల్ క్రెడిట్ అని ఒకటే చేయాలనుకున్నారు. అంత పెద్ద పనిని, ఆ పద్ధతిలో అనుభవంలేని శాఖ, అజైల్ పేరుతో మొదలుపెట్టింది. 2013లో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం గట్టిగా తప్పుపట్టింది. 3 కోట్ల 40 లక్షల పౌండ్ల విలువైన కంప్యూటరు పని రద్దు ఖాతాలోకి పోయింది. పనిని మళ్లీ సర్దుకుని మొదలుపెట్టవలసి వచ్చింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అయింది.

వేసుకోవలసిన ఆరు ప్రశ్నలు

మరి ఎలా తేల్చుకోవాలి? 2003లో బ్యారీ బోయెమ్, రిచర్డ్ టర్నర్ అనే ఇద్దరు దీనిమీదే ఒక పుస్తకం రాసి, అయిదు విషయాలు చూడమన్నారు. బృందం ఎంత పెద్దది, తప్పు జరిగితే నష్టమెంత, అవసరాలు ఎంత త్వరగా మారతాయి, పనివాళ్ల అనుభవం ఎంత, ఆఫీసు స్వభావం ఏమిటి. వాటికి నా అనుభవం కలిపి ఆరు ప్రశ్నలుగా చెబుతాను. పిల్లలు కూడా వినండి, మీ ఆఫీసులకూ పనికొస్తాయి.

మొదటిది: మనకేం కావాలో మనకు ముందే పూర్తిగా తెలుసా? తెలిస్తే, అది మారదని నమ్మకం ఉంటే, రాసి ఇవ్వడమే చవక. తెలియకపోతే, చూస్తేగాని చెప్పలేమనుకుంటే, కొంచెం కొంచెం చేయించుకోవడం మేలు. 2014లో రాష్ట్రం రెండయ్యాక, నిన్నటిదాకా ఒకటిగా ఉన్న ఉత్తర్వులు రెండు దారుల్లో నడిచాయి. ముందు ఏడాది ఎవరైనా రాసిన మూడు వందల పేజీల్లో అది ఉండేదా?

రెండోది: తప్పు జరిగితే ఏం పోతుంది? ఆ 17 మందిలో ఒకరైన అలిస్టర్ కోబర్న్ దీన్ని నాలుగు మెట్లుగా చెప్పారు. కొంచెం ఇబ్బంది, భరించగల డబ్బు, భరించలేని డబ్బు, ప్రాణం. మెట్టు ఎక్కేకొద్దీ రాతకోతలూ, పరీక్షలూ పెరగాలి. మీటింగు నోటీసు తప్పుగా పోతే ఇబ్బంది. పెన్షన్ తప్పుగా పోతే, ఒక ఇంట్లో మందులు ఆగిపోతాయి.

మూడోది: ముక్కలుముక్కలుగా వాడుకోవడానికి వీలైన పనేనా? సగం పూర్తయినా ఉపయోగపడేది అయితే అజైల్‌కు కుదురుతుంది. పూర్తయితే తప్ప అక్కరకురాని పనికి ఆ లాభం తక్కువ.

నాలుగోది: బృందం ఎంత? స్క్రమ్ పద్ధతి రాసినవారే బృందం పదిమందికి మించకుండా ఉంటే మేలన్నారు. వందమంది, నాలుగు ఊళ్లలో ఉంటే, నోటిమాటతో సాగదు. కాగితం కావాలి.

అయిదోది: పనివాళ్లలో అనుభవజ్ఞులు ఉన్నారా? అందరూ కొత్తవాళ్లే అయితే, స్వేచ్ఛ ఇచ్చినా ఏం చేయాలో తెలియదు. ఒకరిద్దరు తలపండినవారు ఉండాలి. మన సెక్షన్లలో కూడా సూపరింటెండెంటు గట్టివాడైతే కొత్త గుమస్తాలు నెట్టుకొచ్చేవారు కాదూ?

ఆరోది, అన్నిటికంటే ముఖ్యమైనది: మనవైపునుంచి ఎవరు కూర్చుంటారు? రెండు వారాలకొకసారి చూసి, "ఇది కావాలి, ఇది వద్దు, ముందు ఇది, తర్వాత అది" అని అక్కడికక్కడే చెప్పగలిగిన మనిషి కావాలి. పని తెలిసినవాడై ఉండాలి, తీరిక ఉండాలి, నిర్ణయం చేసే అధికారం ఉండాలి. స్క్రమ్‌లో ఆ మనిషి ఒక్కరే. కమిటీ కాదు. నేను పెళ్లికి వెళ్లిన రోజు ఏమైందో విన్నారు. క్రైస్లర్‌లో ఆ మనిషి తప్పుకున్నాక ఏమైందో విన్నారు. ఇలాంటి మనిషిని ఇవ్వలేని ఆఫీసు అజైల్ జోలికి పోకపోవడమే మంచిది. "కార్యవర్గంలో పెట్టి చెబుతాం, వచ్చే నెల మీటింగుంది" అనేవాళ్లకు ఈ పద్ధతి నప్పదు.

ఇంట్లో మా కోడలు కూడా ఇదే ప్రశ్నతో సతమతమైంది. తన బృందాన్ని ఆ పద్ధతిలోకి మార్చమని పైవాళ్లు అన్నారట. ఈ ఆరు ప్రశ్నలూ ఇద్దరం ఒక ఆదివారం కాఫీ తాగుతూ వేసుకున్నాం. మొదటి అయిదూ బాగానే ఉన్నాయి. ఆరోదానికి జవాబు లేదు. పని ఇచ్చినవారు మూడు నెలలకొకసారి తప్ప మాట్లాడరు. "అంటే మామయ్యగారూ, మేం రోజూ నిలబడటమేగాని ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లు లేరన్నమాట" అంది. అదే మాట పైవాళ్లకు చెప్పి, ముందు ఆ మనిషిని ఇప్పించుకుని, తర్వాత మొదలుపెట్టింది. పేరుకు అజైల్, తీరుకు పాత హెడ్డాఫీసు అయితే, మిగిలేది రోజూ సంజాయిషీ చెప్పుకోవడమే. మీ పిల్లలు రాత్రి పదింటికి కూడా ఫోన్లో గడువులు లెక్కపెట్టుకుంటున్నారంటే, తప్పు పద్ధతిదో, దాన్ని వాడుతున్న తీరుదో ఒక్కసారి అడిగి చూడండి.

మన సంఘం సంగతి

ఇక మన రిజిస్టరు. నా సలహా ఏమంటే, పనిని రెండుగా విడగొట్టండి.

చిరునామాలు, ఫోన్ నంబర్లు, మీటింగు నోటీసులు, వైద్య శిబిరాల జాబితాలు, ఎవరింటికి ఎవరు వెళ్లి పరామర్శించాలన్న వివరాలు. వీటిలో మనకేం కావాలో మనకే సరిగా తెలియదు. తప్పు వస్తే దిద్దుకోవచ్చు. సగం తయారైనా వాడుకోవచ్చు. ఇవి కుర్రవాళ్ల పద్ధతిలో రెండు వారాలకొకసారి చూసుకుంటూ చేయించుకుందాం. స్క్రీనుమీద అక్షరాలు మన కళ్లకు ఆనతాయా లేదా అన్నది ఏ ఒప్పందంలో రాస్తాం చెప్పండి? చూసి చెప్పవలసిందే.

చందా లెక్కలూ, మరణ సహాయ నిధీ వేరు. ఎవరికి ఎంత, నామినీ లేకపోతే ఎవరికి, చందా బకాయి ఉంటే ఏం చేయాలి, ఇవన్నీ మన నియమావళిలో ఉన్నాయి. వాటిని ముందే స్పష్టంగా రాసి ఇద్దాం. మన పాత పుస్తకాలు తిరగేసి, చిక్కు వచ్చిన కేసులన్నీ ఏరుదాం. నామినీ ముందే పోయినవి, ఇద్దరు హక్కు కోరినవి, పుట్టిన తేదీ లేనివి. ప్రోగ్రాము వాటన్నిటికీ సరైన జవాబు చెబితేనే ఒప్పుకుందాం. ఆ తర్వాత కూడా మూడు నెలలు బైండు పుస్తకం, కంప్యూటరు రెండూ పక్కపక్కన నడుపుదాం. రెండు లెక్కలూ ప్రతి నెలా సరిపోతేనే పుస్తకం మూద్దాం.

మనవైపునుంచి ఒక్క మనిషిని పెడదాం. ఆయనకు జ్వరమొచ్చినా, పెళ్లిపిలుపు వచ్చినా ఆ స్థానంలో కూర్చోవడానికి అన్నీ తెలిసిన ఇంకొకరిని ముందే తయారుగా ఉంచుదాం. ఆ మనిషి చెప్పిన చిన్న మార్పులకు కార్యవర్గం మళ్లీ అడ్డుపడకూడదు. డబ్బు సంగతికి ఒక హద్దు పెడదాం. ఆరు వారాలు, అంటే మూడు ప్రదర్శనలు చూశాక, వాడుకునేది ఏదీ చేతికి రాకపోతే అక్కడితో ఆపేద్దాం. ఆపే అధికారం సర్వసభ్య సమావేశం ఇవాళే ఇచ్చేయాలి. లేకపోతే మొహమాటంతో నెలలు గడిచిపోతాయి.

ఈ పనికి నువ్వే కూర్చోరాదా అని మీలో కొందరు నా వంక చూస్తున్నారు. కూర్చుంటాను. ఒక షరతు మీద. ఆ ఎదురు వరుసలో కూర్చున్న మన మహిళా సభ్యుల్లో, కుటుంబ పెన్షన్ తీసుకుంటున్నవారిలో ఒకరు నాతోపాటు ప్రతి ప్రదర్శనకూ రావాలి. నేను బయటికి వెళ్లినప్పుడు నా స్థానంలో కూర్చునేది కూడా ఆవిడే కావాలి. 1990లో మేం ముగ్గురం ఆఫీసర్లం కూర్చుని మూడు వందల పేజీలు రాశాం. ఆ అటెండరు భార్యను ఒక్కసారి పిలిచి "అమ్మా, మీ ఇంట్లో ఏ కాగితాలుంటాయి?" అని అడగలేదు. అడిగి ఉంటే ఆమెకు ఆ ఏడు నెలలు తప్పేవి. ఏ పద్ధతి ఎంచుకున్నా, ఆ ప్రశ్న ముందు అడగండి.

పన్నెండున్నర కావొస్తోంది, వంటమేస్త్రి తలుపు దగ్గరికొచ్చి చూస్తున్నాడు. సెలవు తీసుకుంటాను. నమస్కారం.